శరణాగతిలో ఆనందం ఎవరిది?

తెల్లవారుజామున గుడి మైకులో వినిపించే వేంకటేశ్వర సుప్రభాతం నిజానికి నాలుగు భాగాల కట్ట. సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. 'కౌసల్యా సుప్రజా రామ' చాలామందికి నోటికి వస్తుంది. మూడో భాగం మొదలయ్యేసరికి ఇంట్లో పాలు పొంగుతుంటాయి, పిల్లల టిఫిన్ బాక్సుల హడావుడి నడుస్తుంటుంది. అయినా 'శ్రీ వేంకటేశ చరణౌ శరణం ప్రపద్యే' అన్న మకుటం పదే పదే చెవిన పడుతూనే ఉంటుంది. ఆ 'ప్రపద్యే' (శరణు చొచ్చుతున్నాను) అన్న ఒక్క క్రియ చుట్టూ దక్షిణాదిలో కొన్ని వందల ఏళ్ళు వాదం నడిచింది.

ఆ వాదం సంగతి తెలియకపోయినా దాని తాలూకు ముక్క ఒకటి ఇప్పుడు ప్రవచనాల్లో, రీల్స్‌లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో తిరుగుతోంది: 'భారమంతా ఆయన మీద వేసెయ్, హాయిగా ఉంటావు.' వినడానికి బాగుంటుంది. కాస్త ఆగి చూస్తే మూడు చిక్కులు కనిపిస్తాయి. వేసేయడమంటే మన పని మానేయడమా? హాయి కోసమే వేస్తే అది నిస్వార్థం ఎలా అవుతుంది? వేసినా హాయి రాకపోతే లోపం ఎక్కడ?

శరణాగతి గురించి చెప్పని సంప్రదాయం లేదు. రామానుజుల బాటలో నడిచే శ్రీవైష్ణవులు మాత్రం దాన్ని దస్తావేజు రాసినంత పట్టుగా పట్టించుకున్నారు: ఎవరు, ఎవరికి, ఏది, ఎన్నిసార్లు, ఏ షరతు మీద. అందుకే ముందు వాళ్ళ లెక్కలో చూసి, తర్వాత మిగతావాళ్ళ దగ్గరికి వెళదాం.

లొంగిపోవడమా, చొచ్చడమా

'పోలీసుల ఎదుట లొంగిపోయాడు' అని పత్రికల్లో రోజూ చదువుతుంటాం. అందులో ఓటమి ఉంది, వేరే దారి లేక చేతులెత్తడం ఉంది. దేవుడి విషయంలోనూ అదే మాట వాడితే అర్థం పక్కదారి పడుతుంది. మన పాత తెలుగులో దీనికి ఉన్న మాట 'శరణు చొచ్చడం'. చొచ్చడమంటే లోపలికి వెళ్ళడం. 'శరణం గృహరక్షిత్రోః' అంటుంది అమరకోశం. శరణం అంటే కాపాడేవాడు, ఇల్లు కూడా. వానలో తడుస్తున్నవాడు ఇంట్లోకి దూరడం లాంటిది ఆ క్రియ. శరణాగతికి శ్రీవైష్ణవులు వాడే ప్రపత్తి అన్న మాటకూ మూలంలో చేరుకోవడమనే అర్థం.

భక్తికీ ప్రపత్తికీ తేడా ఉంది. మామూలు వాడుకలో రెండూ ఒకటే. వేదాంతంలో మాత్రం భక్తియోగమంటే తైలధారలా తెగని ధ్యానం. అది ఏళ్ళ తరబడి, కొందరికి జన్మల తరబడి సాగాలి, శాస్త్రాధ్యయనం లాంటి అర్హతలూ కావాలి. ప్రపత్తి ఒక్కసారి చేసేది. కులం, లింగం, చదువు, వయసు అడగదు. అడిగే అర్హతలు రెండే: నా చేతిలో వేరే సాధనం లేదన్న ఎరుక (ఆకించన్యం), నాకు వేరే దిక్కు లేదన్న నిశ్చయం (అనన్యగతిత్వం). చేతిలో ఏదైనా ఉన్నవాడికి అర్హత లేదన్నమాట. లేమినే అర్హతగా అడిగే దరఖాస్తు ఇదొక్కటేనేమో!

మొక్కు ఎక్కడ ఆగుతుంది

తిరుమలలో తలనీలాలు ఇచ్చేవారిలో, ముడుపు కట్టేవారిలో, ఒంటిమీద నగలన్నీ హుండీలో వేసి నిలువుదోపిడీ ఇచ్చేవారిలో ఎక్కువమంది ఒక షరతు తీరినందుకు ఇస్తున్నవాళ్ళే. పెళ్ళి కుదిరితే, బిడ్డ పుడితే, జబ్బు తగ్గితే. ఇది ఒప్పందం. ఒప్పందమని చెప్పి దీన్ని తక్కువ చేయనక్కర్లేదు. గీత ఏడో అధ్యాయం నలుగురు భక్తుల్ని చెబుతుంది: ఆపదలో ఉన్నవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, సంపద కోరేవాడు, జ్ఞాని. జ్ఞానిని నెత్తిన పెట్టుకుంటూనే 'ఉదారాః సర్వ ఏవైతే', అందరూ మంచివాళ్ళే అంటాడు కృష్ణుడు.

భాగవతంలో ప్రహ్లాదుడు ఇంత మెతక కాదు. హిరణ్యకశిపుడు పోయాక నరసింహుడు వరం కోరుకోమంటే, స్వామి నుంచి కోరికలు తీర్చుకోవాలని చూసేవాడు సేవకుడు కాడు, 'స వై వణిక్', వాడు వర్తకుడు అనేశాడు. చివరికి తనకోసం అడిగిందల్లా తన గుండెలో కోరికలే మొలకెత్తకూడదని.

ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే మన విషయం. ఒకవైపు అడగడం తప్పు కాదు. మరోవైపు అడగడం ఉన్నంతకాలం అది కొనుగోలే. ఆ దూరాన్ని దాటించేది ఏమిటి?

ఆరు అంగాలు, ఒక ఏనుగు

విష్ణు ఆరాధన గ్రంథాలైన పాంచరాత్ర ఆగమాల్లోని అహిర్బుధ్న్య సంహిత శరణాగతిని ఆరుగా విడదీసింది.

ఆనుకూల్య సంకల్పం: ఆయనకు నచ్చేదే చేస్తానన్న నిర్ణయం. ప్రాతికూల్య వర్జనం: నచ్చనిది వదిలేయడం. మహావిశ్వాసం: తప్పక కాపాడతాడన్న నమ్మకం. గోప్తృత్వ వరణం: 'నువ్వే కాపాడు' అని నోరు తెరిచి అడగడం. కార్పణ్యం: నా వల్ల కాదన్న దీనత. ఆత్మనిక్షేపం: తనను తాను అప్పగించడం. శ్రీవైష్ణవ ఆచార్యులు వేదాంత దేశికుల (1268–1369) లెక్కలో చివరిదే అసలు క్రియ, మిగతా అయిదూ దాని అంగాలు.

జాబితాగా చదివితే పొడిగా ఉంటుంది గానీ, ప్రతి తెలుగువాడికీ తెలిసిన పోతన పద్యం మీద పెట్టి చూస్తే ప్రాణం వస్తుంది. 'లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె' అంటూ మూర్ఛ వచ్చేదాకా ఏనుగు చెప్పుకున్నదంతా కార్పణ్యం. 'నీవే తప్ప నితఃపరం బెరుగ' అన్నది అనన్యగతిత్వం. 'రావే యీశ్వర, కావవే వరద, సంరక్షింపు భద్రాత్మకా' అన్న మూడు క్రియలూ గోప్తృత్వ వరణం. వరద, భద్రాత్మక అన్న పిలుపుల్లో విశ్వాసం ఉంది. వరమివ్వనివాణ్ణి ఎవరూ వరదా అని పిలవరు. మరి మొదటి రెండు అంగాలేవి? కాలు మొసలి నోట్లో ఉన్నవాడికి మంచి పనులు చేస్తానని ప్రతిజ్ఞ చేసే తీరిక ఎక్కడిది! ఆ రెండూ విభీషణుడి కథలో కనిపిస్తాయి. అన్న చేసే తప్పులో పాలు వద్దని లంకను, భార్యాబిడ్డల్ని విడిచి రావడం ప్రాతికూల్య వర్జనం. రాముడి పక్షాన నిలబడ్డం ఆనుకూల్యం.

గజేంద్రుడి దగ్గర ఇంకొకటి గమనించాలి. ఈ పద్యానికి కొంచెం ముందే 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అన్న అనుమానం ఉంది. అంటే మహావిశ్వాసం అనుమానం పుట్టని చోట వచ్చింది కాదు, అనుమానాన్ని దాటుకుని వచ్చింది. మనసులో సందేహం మెదిలినంత మాత్రాన తమ శరణాగతి చెల్లదేమోనని కంగారుపడేవాళ్ళకు పోతన ఇచ్చిన ఊరట ఇది.

అప్పగించేవి మూడు

నా దృష్టిలో మొత్తం విషయానికి తాళంచెవి దేశికుల న్యాసదశకం మొదటి శ్లోకంలో ఉంది. 'అహం, మద్రక్షణభరో, మద్రక్షణఫలం తథా, న మమ, శ్రీపతేరేవ.' నేను, నన్ను కాపాడే భారం, ఆ కాపాడడం వల్ల వచ్చే ఫలం: మూడూ నావి కావు, శ్రీపతివే. వీటికి స్వరూప సమర్పణం, భర సమర్పణం, ఫల సమర్పణం అని పేర్లు.

ఒక ఉదాహరణ చూద్దాం. రేపు పొద్దున తల్లికి గుండె ఆపరేషన్. కూతురు ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉంది. సంతకాలు అయ్యాయి, రక్తం ఇచ్చేవాళ్ళను తమ్ముడు పిలుచుకొస్తున్నాడు, డాక్టరును అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకుంది. రాత్రి పదకొండు. ఇక చేయగలిగింది లేదు. నిద్రా పట్టదు.

'అమ్మ గట్టెక్కితే గుండు చేయించుకుంటాను' అనుకుంటే అది మొక్కు. తెల్లవారేదాకా ఆమె రెండు కాగితాలు చేతిలో పట్టుకునే ఉంటుంది, ఒకటి కోరిక, ఒకటి బాకీ. 'ఇక నా చేతిలో లేదు, నువ్వే చూసుకో' అనుకుంటే అది భర సమర్పణం. గుండె మీది బరువు కొంచెం దిగుతుంది, బహుశా కునుకు పడుతుంది. వాట్సాప్ ఫార్వర్డులు చెప్పే హాయి ఇంతవరకే. మూడోది మిగిలే ఉంది: తల్లి బతకడం వల్ల కలిగే ఫలం కూడా నాది కాదనడం. ఇక్కడే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. తల్లి బతకాలన్న కోరిక ఫలాపేక్షేనా అని.

దీనికి సంప్రదాయం ఇచ్చే వివరణ స్వం–స్వామి సంబంధం, అంటే సొత్తుకూ సొంతదారుకూ ఉండే సంబంధం. ఉంగరం పోయింది. నాలుగు రోజులు వెతికితే మంచం కింద దొరికింది. సంతోషించేది ఉంగరమా, యజమానా? జీవుడు ఉంగరం లాంటివాడు. దొరికితే మొదట లాభపడేది సొంతదారు. ఫల సమర్పణం అంటే కోరికను గొంతు నులిమి చంపడం అనుకోనక్కర్లేదు. తల్లి ముందు ఆయన సొత్తు, తర్వాత నా తల్లి అని ఒప్పుకోవడం.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. శరణాగతి చేస్తే ఆపరేషన్ విజయవంతమవుతుందని శాస్త్రం హామీ ఇవ్వదు. ప్రపత్తిని రెండు రకాలుగా చెబుతారు: లౌకిక ఫలం కోసం చేసేది, మోక్షం కోసం చేసేది. గీతలో చరమశ్లోకంగా చెప్పుకునే 'సర్వధర్మాన్ పరిత్యజ్య'లో కృష్ణుడు ఇచ్చిన మాట పాపాల నుంచి విడిపిస్తానని. ప్రారబ్ధం వల్ల వచ్చిన దేహం, దాని జబ్బులు, దాని ముగింపు ప్రపన్నుడికీ (ప్రపత్తి చేసినవాడికీ) ఉంటాయి.

ఊరట వేరు, ప్రీతి వేరు

చరమశ్లోకం చివరి రెండు మాటలు 'మా శుచః', దుఃఖించకు. సంతోషించు అనలేదు. భారం దిగినవాణ్ణి నిర్భరుడు అంటారు, భయం పోయినవాణ్ణి నిర్భయుడు అంటారు. రెండూ ఏదో లేకపోవడాన్ని చెప్పే మాటలే. బస్తా దించిన హమాలీకి కలిగే సుఖం అది. నిజమైన సుఖమే, కానీ భుజం మరిచిపోగానే అదీ పోతుంది. శరణాగతి మొదటి రోజుల్లో తేలికగా అనిపించి, ఆర్నెల్లు తిరిగేసరికి 'ఏమిటో, అప్పటి ఆనందం ఇప్పుడు లేదు' అనుకోవడానికి కారణం ఇదే. అప్పుడు కలిగింది ఊరట.

ఆనందం ఇంకో చోటి నుంచి రావాలి. నారద భక్తిసూత్రాలు దానికి ఒక్క మాట పెట్టాయి: తత్సుఖసుఖిత్వం. ఎదుటివాడి సుఖంలో సుఖపడడం. గోపికల ప్రేమను కామం నుంచి విడదీసే గీత అదేనంటాయి.

మన వంటింట్లో ఈ మాటకు రోజూ కనిపించే రూపం ఉంది. నైవేద్యానికి పులిహోర చేసేటప్పుడు ఉప్పు చూడకూడదు. పావుకిలో బియ్యానికి నిమ్మకాయంత చింతపండు, నానబెట్టి తీసిన గుజ్జు, పసుపు, పోపు, ఉప్పు అన్నీ చేతి అంచనా మీదే వేయాలి. మామూలు రోజు నాలుక మీద వేసుకుని సరిచేసుకోవచ్చు. ఇవాళ ఆ వీల్లేదు. అందుకని గుజ్జు చిక్కదనం కళ్ళతో చూస్తారు, పోపు వాసనతో కాకుండా ఆవాల చిటపట విని దించుతారు. వండేవారి నాలుక పక్కన పెడితే శ్రద్ధ తగ్గాల్సింది పోయి రెట్టింపవుతుంది. నివేదన అయ్యాక అదే పులిహోర ప్రసాదమై వండినవాళ్ళ చేతికీ వస్తుంది. వాళ్ళూ తింటారు, రుచి వాళ్ళకూ తెలుస్తుంది. రుచి లేదని ఎవరూ అనలేదు. మొదటి ముద్ద ఎవరిది అన్నదే ప్రశ్న.

తిరుప్పావై 29వ పాశురం ఇదే అడుగుతుంది. నీకే మేం సేవ చేస్తాం అని చెప్పి ఊరుకోకుండా, మాలోని మిగతా కోరికల్ని మార్చు అంటుంది గోదాదేవి. ఆ 'మిగతా కోరికలు' ఏమిటంటే, సేవ చేస్తూ 'ఈ సేవ నాకెంత హాయిగా ఉందో' అనుకోవడమే అని వ్యాఖ్యాతలు విప్పారు. మనం మొదట్లో వేసుకున్న రెండో చిక్కును వాళ్ళు ఎప్పుడో చూశారన్నమాట. హాయి రావడం తప్పు కాదు, హాయిని తన ఖాతాలో వేసుకోవడం తప్పు. వేంకటేశ ప్రపత్తి చివరి శ్లోకం ఆ ఖాతా మూసేస్తుంది: నీకు కింకరుణ్ణి అవుతాను, 'న జాతు మహ్యం', నా కోసం ఎన్నటికీ కాదు. కాఫీ హడావుడిలో మనం దాటేసే శ్లోకం అదే.

మరి ఆనందం ఎవరిది? బాలకాండ మొదటి సర్గలో నారదుడు రామకథను క్లుప్తంగా చెబుతూ, విభీషణుణ్ణి లంకకు రాజుగా అభిషేకించాక 'కృతకృత్యస్తదా రామో విజ్వరః ప్రముమోద హ' అంటాడు. చేయాల్సింది చేసి, జ్వరం విడిచి, రాముడు ఆనందించాడట. రాజ్యం దొరికింది విభీషణుడికి. జ్వరం దిగింది రాముడికి. శరణు ఇచ్చిన మాట నెరవేరేదాకా ఆ మాట ఇచ్చినవాడికే జ్వరంగా ఉందని శ్రీవైష్ణవులు ఈ శ్లోకం దగ్గర ఆగి ఆగి చెబుతారు.

ఏనుగు కథకూ ఇదే చదువు ఉంది. గజేంద్రుడు పిలిచింది ప్రాణం కోసం అనుకోవద్దు, తొండంలో ఉన్న తామరపువ్వు వాడకముందే పాదాలకు చేరాలని పిలిచాడు అంటారు. కల్పించి చెప్పింది కాదు. సంస్కృత భాగవతంలో ఏనుగు ఈ బతుకు బతకాలని నాకు లేదని చెబుతుంది, విష్ణువు కనబడగానే తామరతో ఉన్న తొండం పైకెత్తి నమస్కరిస్తుంది. పోతన ఏనుగు కావమని ఏడుస్తుంది, ఈ ఏనుగు పువ్వు అందించాలని ఆరాటపడుతుంది. ఒకటి భర సమర్పణం, రెండోది ఫల సమర్పణం. ఏనుగు ఒకటే.

భక్తుడు పొంగిపోకూడదా?

గీత 12వ అధ్యాయంలో తనకు ప్రియమైన భక్తుడి లక్షణాలు చెబుతూ కృష్ణుడు 'యో న హృష్యతి' అంటాడు, పొంగిపోనివాడు. పదో అధ్యాయంలో అదే కృష్ణుడు భక్తులు నన్ను గురించి చెప్పుకుంటూ 'తుష్యంతి చ రమంతి చ', తృప్తిపడతారు, రమిస్తారు అంటాడు. ఏది నిజం?

బ్రహ్మసూత్రాలకు రాసిన శ్రీభాష్యంలో రామానుజులు భక్తికి ఏడు సాధనాలు చెప్పారు: వివేకం, విమోకం, అభ్యాసం, క్రియ, కల్యాణం, అనవసాదం, అనుద్ధర్షం. మొదటిది ఆహార శుద్ధి, రెండోది కోరికల పట్టు వదలడం, అలా వెళ్ళి చివరి రెండు మనసు దగ్గర ఆగుతాయి. అనవసాదం అంటే దిగులుతో కుంగిపోకపోవడం. అనుద్ధర్షం అంటే మితిమీరి ఉప్పొంగకపోవడం. భజనలో ఒళ్ళు మరిచి, మర్నాడు దేని మీదా మనసు లేక కూలబడితే రెండూ తప్పినట్టే. పన్నెండో అధ్యాయం వద్దన్నది ఉద్ధర్షాన్ని. పదో అధ్యాయం చెప్పింది నిలకడైన ప్రీతిని. ఆనందాన్ని ఒళ్ళు పులకరించడంతో కొలిచేవాళ్ళకు ఇది నచ్చకపోవచ్చు.

కోతిపిల్ల, పిల్లికూన

ఇప్పుడు అసలు తగాదా. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే మెడ దగ్గర కరిచి మోసుకుపోతుంది. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అన్న ఈ పోలికలతో శ్రీవైష్ణవంలోని వడగలై, తెంగలై శాఖల తేడా చెబుతారు. మొదటి పక్షానికి పెద్ద దిక్కు వేదాంత దేశికులు, రెండోదానికి పిళ్ళై లోకాచార్యులు, ఆ తర్వాత మణవాళ మాముని (1370–1443). మనం వింటున్న సుప్రభాతం, ప్రపత్తి రాసిన ప్రతివాది భయంకరం అణ్ణన్ ఈ మాముని శిష్యుడే.

పోలిక తేలిక, వాదం లోతు. దేశికుల పక్షం ఇలా అడుగుతుంది: జీవుడి వైపు నుంచి ఏ చిన్న వంకా (దీన్నే వ్యాజం అంటారు) లేకుండానే భగవంతుడు కాపాడేట్టయితే అందరినీ ఎందుకు కాపాడడు? కొందరినే కాపాడితే పక్షపాతం అంటగట్టినట్టు కాదా? కాబట్టి ఆ పిడికిలి పట్టు కావాలి. ఎంత చిన్నదైనా సరే.

లోకాచార్యుల పక్షం ఎదురు ప్రశ్న వేస్తుంది: నా శరణాగతి వల్లే నేను బాగుపడ్డాననుకుంటే శరణాగతి కూడా నా సంపాదనే అయింది కదా? వదిలేశానన్న గర్వం మిగిలిపోయింది కదా? ఉపాయం ఆయనే. మనవైపు నుంచి కావాల్సింది అడ్డు చెప్పకపోవడం, అంతే. దూడ ఒంటి మురికిని ఆవు నాకినట్టు ఆయన మన దోషాల్ని కూడా ఇష్టంగా స్వీకరిస్తాడని ఈ పక్షం చెబుతుంది. దోషాల్ని చూడనట్టు ఊరుకుంటాడన్నది దేశికుల పక్షం.

ఆనందం వైపు నుంచి చూస్తే ఒక్కొక్క పక్షానికీ ఒక్కొక్క నొప్పి ఉంది. కోతిపిల్లకు 'సరిగ్గా పట్టుకున్నానా' అన్న భయం. దానికి మందుగానే ప్రపత్తి ఒక్కసారే చేయాలి, ఆచార్యుడి ద్వారా చేయాలి, చేశాక మళ్ళీ సరిచూసుకోకూడదు అన్న నియమం వచ్చింది. పిల్లికూనకు ఆ భయం లేదు, కానీ 'తల్లి ఎప్పుడొస్తుందో' అన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. ఎవరు గెలిచారని అడిగితే చెప్పడం కష్టం. నాకు తోచిందేమంటే, కష్టంలో ఉన్నవాడికి పిల్లికూన మాట చెప్పాలి, కులాసాగా ఉన్నవాడికి కోతిపిల్ల మాట చెప్పాలి. తిరగేసి చెబితే ఒకడు కుంగిపోతాడు, ఒకడు చెడిపోతాడు.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది తాళ్ళ తప్పు. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రంతో హనుమంతుణ్ణి కట్టేశాడు. కదలకుండా పడి ఉన్నవాణ్ణి చూసి రాక్షసులు ఎందుకైనా మంచిదని జనపనార తాళ్ళతోనూ బిగించారు. ఇంకో కట్టు పడగానే అస్త్రం దానంతటదే వదిలిపోయింది. ప్రపత్తి కూడా పక్కన ఇంకో ఉపాయాన్ని సహించదని దీన్నే ఉదహరిస్తారు. ఆయనకే అప్పగించానని చెప్పి, మర్నాడు జాతకం ఒకచోట, తాయెత్తు ఒకచోట, శాంతి ఒకచోట చేయించేవాడు తాళ్ళు కడుతున్నాడు. మందులు, చదువు, ఉద్యోగం తాళ్ళ కిందికి రావు, అవి దేహధర్మం. డాక్టరు దగ్గరికి వెళ్ళనని మొండికేయడాన్ని ఏ ఆచార్యుడూ శరణాగతి అనలేదు.

పని మానేయడం రెండో తప్పు. 'సర్వధర్మాన్ పరిత్యజ్య' విన్న అర్జునుడు ఇంటికి వెళ్ళలేదు. 'కరిష్యే వచనం తవ' అని విల్లు ఎత్తాడు. రామానుజులు ఆ త్యాగాన్ని కర్మల్ని వదలడంగా చెప్పలేదు, ఫలం మీద, చేసేవాణ్ణి నేనన్న భావం మీద మమకారం వదలడంగా చెప్పారు. మధ్వాచార్యులూ ధర్మత్యాగమంటే ఫలత్యాగమే అన్నారు. ఈ శ్లోకంలో పని మానుకోమన్న అర్థానికి దగ్గరగా వచ్చింది శంకరులే. అదీ సర్వకర్మ సన్న్యాసమనే పెద్ద అర్థంలో, బద్ధకానికి సర్టిఫికెట్‌గా కాదు.

మూడోది తప్పు చోట శరణు వేడడం. రాముడే సముద్రుణ్ణి శరణు వేడి మూడు రాత్రులు దర్భల మీద పడుకున్నాడు. సముద్రుడు పలకలేదు. విల్లు తీశాకే వచ్చాడు. ఎందుకు ఫలించలేదంటే, శరణు అడిగేవాడు అశక్తుడై ఉండాలి, ఇచ్చేవాడు సమర్థుడై ఉండాలి, అక్కడ రెండూ తలకిందులయ్యాయంటారు. మనుషుల్ని దేవుళ్ళుగా పెట్టుకుని ఆస్తులూ ఆలోచనా రెండూ రాసిచ్చేసేవాళ్ళు ఈ ఘట్టం మళ్ళీ చదువుకోవచ్చు. శ్రీవైష్ణవంలో ఆచార్యుడి స్థానం ఎంత గొప్పదైనా ఆయన చేసేది పాదాల దగ్గరికి చేర్చడం. తిరుమలలో మూలమూర్తి కుడిచేయి కిందికి చూపేది కూడా పాదాల్నే. అర్జునుడికి మాటతో చూపిన ఆ పాదాల్నే నాకు మళ్ళీ చేత్తో చూపిస్తున్నావని ప్రపత్తిలో ఒక శ్లోకం ఉంది.

రామదాసు ఖర్చుల చిట్టా చదివాడు కదా?

గోల్కొండ జైల్లో కంచెర్ల గోపన్న 'ఇక్ష్వాకు కుల తిలక' అంటూ ప్రాకారాలకు ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అని లెక్క అప్పజెప్పాడు. ఎవడబ్బ సొమ్మని అడిగాడు. ప్రహ్లాదుడి తూకంలో వేస్తే ఇది వర్తకుడి చిట్టాయే. మరి ఆయన్ని రామదాసు అని ఎలా అంటున్నాం?

రెండు రకాలుగా చెప్పవచ్చు. కీర్తన చివర్లోనే దెబ్బలకు తాళలేక తిట్టానని, ఆయాసపడవద్దని వేడుకున్నాడు కాబట్టి అది ఆర్తితో వచ్చిన మాట, లెక్క కాదు అనొచ్చు. ప్రపన్నుల్లో ఆర్తుడు, ఇక్కడి బాధ ఒక్క క్షణం ఓర్వలేనివాడు, ఒక తెగగా ఉండనే ఉన్నాడు. ఇంకోలా చూస్తే, చిట్టాలో ఉన్న వస్తువుల్ని గమనించాలి. ఒక్క నగ కూడా గోపన్నది కాదు. పతకం సీతమ్మది, ప్రాకారం రాముడిది. బాకీ అడుగుతున్నట్టు మొదలుపెట్టి ఆయన చదివింది ఎవరెవరికి ఏం పెట్టానో ఆ జాబితా. కొరడా దెబ్బల మధ్య కూడా మనిషికి గుర్తున్నది చింతాకు పతకం నమూనా! ఫిర్యాదుకూ శరణాగతికీ పడదనుకునేవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగాలి.

చరమశ్లోకం చివరి మెట్టేనా: గోదావరి గట్టున

శ్రీవైష్ణవులకు శిఖరమైన ఆ గీతాశ్లోకాన్ని మధ్యమెట్టుగా చూసినవాళ్ళూ ఉన్నారు. అద్వైతి మధుసూదన సరస్వతి ఆ శరణుకు మూడు దశలు చెప్పారు: నేను ఆయనవాణ్ణి, ఆయన నావాడు, ఆయనే నేను. శరణు పొందేవాడూ ఇచ్చేవాడూ ఇద్దరుగా మిగలని చోట ఆనందం ఎవరిదన్న ప్రశ్నే లేదు. ఇద్దరు లేకపోతే సేవ ఎక్కడ, ఎదుటివాడి సుఖం ఎక్కడ అని వైష్ణవులు అడుగుతారు. ఈ తగువు తెగేది కాదు.

బెంగాల్ వైష్ణవం మరో వైపు వెళ్ళింది. ఆ మార్గపు ఆచార్యుడు రూపగోస్వామి లెక్కలో భోగం మీద కోరికే కాదు, మోక్షం మీద కోరిక కూడా గుండెలో కూర్చున్న పిశాచమే. అది ఉన్నంతకాలం భక్తిసుఖం పుట్టదు. ఈ మార్గానికి మూలమైన సంభాషణ ఒకటి మన గోదావరి గట్టునే జరిగింది. 1510 ప్రాంతంలో దక్షిణ యాత్రకు వచ్చిన ఆ మార్గపు మూలగురువు చైతన్యుడు, ప్రతాపరుద్ర గజపతి తరఫున ఈ ప్రాంతాన్ని పాలిస్తున్న రామానంద రాయలను కలిశాడు. కొవ్వూరు గోష్పాద క్షేత్రాన్ని ఆ చోటుగా చూపిస్తారు.

సాధ్యం (చేరాల్సిన గమ్యం) ఏమిటో చెప్పమన్నాడు చైతన్యుడు. రామానందుడు వర్ణాశ్రమ ధర్మంతో మొదలుపెట్టాడు. 'ఇది పైపైది, ముందుకు చెప్పు.' కర్మఫలాన్ని కృష్ణుడికి అర్పించడం అన్నాడు. 'ఇదీ పైపైదే.' అప్పుడు 'సర్వధర్మాన్ పరిత్యజ్య' చెప్పాడు. దానికీ అదే జవాబు. ఎందుకంటే ఆ శ్లోకంలో పాపాల నుంచి విడిపిస్తానన్న హామీ ఉంది, దుఃఖించకు అన్న ఓదార్పు ఉంది. శరణు పొందేవాడి క్షేమం ఇంకా లెక్కలో ఉంది. జ్ఞానంతో కలిసిన భక్తి చెబితే అదీ దాటమన్నాడు. జ్ఞానాన్ని కూడా పక్కన పెట్టి, వినడం మీద మాత్రమే బతికే భక్తి దగ్గరికి వచ్చాక గానీ 'ఇది సరే' అనలేదు. అక్కడి నుంచి దాస్యం, సఖ్యం, వాత్సల్యం, మాధుర్యం.

చివరికి రామానందుడు తాను కట్టిన పాట ఒకటి ఎత్తుకున్నాడు. అందులో నాయిక, మా ప్రేమ మొదలైనప్పుడు ఆయన పురుషుడనీ నేను స్త్రీననీ కూడా లేదని చెబుతుంది. ఇచ్చేవాడెవరో పుచ్చుకునేవాడెవరో పోల్చుకోలేని చోటు అది. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని అప్పటిదాకా తరుముతూ వచ్చిన చైతన్యుడు, ఆ పాట దగ్గర తన చేయి చాపి రామానందుడి నోరు మూశాడు.